ఒక్క క్లాసుతో సరిపెట్టమంటున్నారు, ఏం చేయను?

పేరు వేయొద్దని కోరుతూ ఒక డాక్టరుగారు రాసిన ఉత్తరం ఇది. వయసు 36. నెల్లూరు జిల్లాలోని ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో, ఎస్‌పీఎం (సామాజిక వైద్యం) విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసరు. పుట్టి పెరిగింది పొదిలి దగ్గర పల్లెలో. ఈ ఏడాది వాతావరణ మార్పు, పర్యావరణ ఆరోగ్యం పాఠాలు ఆమెకు అప్పగించారు. రెండు నెలలు కూర్చుని 12 గంటల ప్రణాళిక రాసుకుని వెళితే విభాగం పెద్ద అయిన హెచ్‌ఓడీ, "ఇదంతా ఎందుకమ్మా, ఒక్క క్లాసు చెప్పేస్తే పోలా? ఇన్‌స్పెక్షన్ నెత్తిమీద పెట్టుకుని కొత్తవి తగిలించుకోబాక" అన్నారట. ఆ ఒక్క క్లాసూ చెప్పారు. కరిగే హిమానీనదాలు, పెరిగే సముద్రమట్టం, పారిస్ ఒప్పందం. 150 మందిలో సగం మంది ఫోన్లు చూసుకున్నారు. చివర్లో లేచిన చెయ్యి ఒక్కటే: "మేడమ్, ఇది యూనివర్సిటీ పరీక్షలో వస్తుందా?"

వేరే విభాగం సీనియరు ఒకాయన "క్లాసులోకి రాజకీయాలు తేవద్దు" అన్నారు. యాజమాన్యం బంధువులకు గ్రానైటు క్వారీలున్నాయి కాబట్టి దుమ్ము గురించి నోరెత్తాలంటే భయం. పైగా తనకే పూర్తిగా తెలియని సబ్జెక్టు, ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే ఎలా అన్న బెంగ. పట్టుబట్టాలా, ఊరుకోవాలా, ఉద్యోగం మానేసి ఏదైనా స్వచ్ఛంద సంస్థలో చేరాలా అని అడుగుతున్నారు. ఉత్తరం చివర ఇంకో సంగతి ఉంది. ఆమె తండ్రిగారికి 67 ఏళ్లు. ఫ్లోరైడు నీళ్లతో నడుము వంగిపోయింది. ఆయన ముంజేతి ఎక్స్‌రే ఆమె ఫోన్లో ఉంది. అది క్లాసులో చూపించొచ్చా అని.

డాక్టరుగారూ, ముందు ఆ క్లాసు సంగతి మాట్లాడుకుందాం. పిల్లలకు ఆసక్తి లేదని అనుకోకండి. ఆ గంటలో రోగి లేడు, అంతే. ఎంబీబీఎస్ పిల్లలు మొదటి ఏడాది నుంచీ ఏ పాఠం విన్నా "రేపు ఓపీలో దీంతో నాకేం పని" అని తూకం వేసుకుంటారు. హిమానీనదం ఓపీకి రాదు. మే నెల మధ్యాహ్నం స్పృహ తప్పిన ఉపాధి హామీ కూలీ వస్తాడు. మెడ తిప్పలేని కనిగిరి పెద్దాయన వస్తాడు. పెన్నా వరద తీశాక జ్వరంతో, పచ్చబడిన కళ్లతో ఆటో డ్రైవరు వస్తాడు. మీ 12 గంటల ప్రణాళికలో వీళ్లు ఎన్నో పేజీలో ఉన్నారో చూసుకోండి. మొదటి పేజీలోకి తెండి.

హెచ్‌ఓడీ గారి మాటలో ఒక నిజం ఉంది: ఖాళీ గంటలు లేవు. కొత్తగా 12 గంటలు ఇమ్మంటే ఎవరో ఒకరు వదులుకోవాలి, ఎవరూ వదులుకోరు. అయితే ఇది సిలబస్‌లో లేని విషయం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో ఎస్‌పీఎం మూడో అంశమే పర్యావరణ ఆరోగ్యం. గాలి, నీరు, శబ్దం, రేడియేషన్ వల్ల వచ్చే హాని 3.1లో ఉంది. సురక్షితమైన నీరు, నాణ్యతా ప్రమాణాలు, వాననీటి నిల్వ 3.2లో ఉన్నాయి. వ్యవసాయంతో సహా వృత్తి వల్ల వచ్చే జబ్బులు 11వ అంశం. ఫిజియాలజీ 11వ అంశంలో శరీర ఉష్ణోగ్రత నియంత్రణ, వేడికి శరీరం అలవాటు పడటం, వడదెబ్బ ఉన్నాయి. "రాజకీయాలు" అన్న సీనియరు గారికి కూడా ఈ నంబర్లే జవాబు. వాదన పెట్టుకోకుండా కాగితం మీద చూపించండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, ఒక్క క్లాసుతో ఊరుకోవడం. ఎవరితోనూ గొడవ ఉండదు. కాని ఏడాదికి 150 మంది వడదెబ్బను జ్వరంగా చూసే డాక్టర్లుగానే బయటికి వెళతారు. రెండోది, అకడమిక్ కమిటీ దాకా వెళ్లి ప్రత్యేక కోర్సు అడగడం. నెగ్గితే మంచిదే. ఇన్‌స్పెక్షన్ ఏడాదిలో మాత్రం నెగ్గడం కష్టం, ఒకసారి "వద్దు" అని మినిట్స్‌లో ఎక్కిందంటే మళ్లీ తెరవడం ఇంకా కష్టం. మూడోది ఎలెక్టివ్, అంటే ఇష్టమైనవాళ్లు ఎంచుకునే కోర్సు. పదిమంది పిల్లలతో లోతుగా చేయొచ్చు, అనుమతి తేలిక. చిక్కేమిటంటే ఇప్పటికే ఇష్టం ఉన్నవాళ్లే వస్తారు, మిగతా 140 మందికి ఏమీ అందదు. నాలుగోది, మీ 12 గంటలను ముక్కలు చేసి ఇతరుల గంటల్లోకి పంపడం. పేరు రాదు, తిరుగుడు ఎక్కువ. అయినా నా మొగ్గు దీనివైపే, ఎందుకంటే అన్ని బ్యాచ్‌లకూ అందేది ఇదొక్కటే. ఎలా చేయాలో రెండు ముక్కలు విడమరచి చెబుతాను, ఒకటి నీళ్లు, ఒకటి ఎండ.

నీళ్ల పాఠానికి మీకంటే హక్కున్నవాళ్లు తక్కువ. దేశంలో ఫ్లోరైడు వల్ల ఎముకలు పాడయ్యే జబ్బును, అంటే ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్య సాహిత్యంలోకి ఎక్కించింది మీ ప్రాంతమే. 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసినప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ప్రకాశం ఏర్పడింది 1970లో కదా. 2008-09లో జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఒకటి. పక్క పల్లె పేరు పాఠంలో వినబడితే పిల్లలు ఫోను పక్కన పెడతారు.

విద్యార్థులు పల్లె కుటుంబాల ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉండే కుటుంబాల దత్తత కార్యక్రమం కింద మీ పిల్లలు ఎలాగూ పల్లెకు వెళుతున్నారు. ఆ రోజుకు మూడు పనులు కలపండి. మొదటిది నీళ్ల నమూనా. బోరు రెండు మూడు నిమిషాలు వదిలి, ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి పట్టాలి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడు గాజుతో చర్య జరుపుతుంది. అక్కడికక్కడ ఫ్లోరైడు పరీక్ష కిట్‌తో చూస్తే గులాబీ రంగు పసుపు వైపు తిరుగుతుంది. పిల్లలు ఆ రంగును చూసి 2 అని ఒకరు, 3 అని ఒకరు రాస్తారు. రాయనివ్వండి. తర్వాత అదే నమూనా గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపి, అక్కడ ఎలక్ట్రోడ్ మీటరుతో కొలిచిన అంకె వచ్చాక పక్కపక్కన పెట్టి చూపించండి. క్షారత ఎక్కువున్నా, నీళ్లలో పటిక కలిసినా రంగు తప్పు చెబుతుందని అప్పుడు చెబితే మరిచిపోరు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం ఆమోదయోగ్యం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు.

రెండోది పళ్లు. ఇక్కడే పిల్లలు పొరబడతారు. గోధుమరంగు కనిపిస్తే చాలు ఫ్లోరోసిస్ అని రాసేస్తారు. వక్కాకు మరక, గుట్కా మరక చిగుళ్ల దగ్గర ఎక్కువ, గీరితే కొంత పోతుంది. ఫ్లోరోసిస్ గీత పంటి పింగాణీలోనే ఉంటుంది, అడ్డంగా, కుడిఎడమ జంట పళ్లలో ఒకేలా. ఇంకో మెలిక కూడా ఉంది. శాశ్వత దంతాలు తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్లలోపే. కాబట్టి మంచినీళ్ల ఊరి నుంచి కోడలిగా వచ్చిన ఆమె పళ్లు తెల్లగానే ఉంటాయి, ఎముకలు మాత్రం పదిహేను ఇరవై ఏళ్లుగా ఆ బోరు నీళ్లే తాగుతున్నాయి. పళ్లు చూసి ఆమెను "నార్మల్" గడిలో వేసిన విద్యార్థి చేత మూడో పని చేయించండి: మోకాళ్లు వంచకుండా వంగి కాలి వేళ్లు తాకమనడం, గడ్డం ఛాతీకి ఆనించమనడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టమనడం. అత్తగారు తాకగలిగి కోడలు తాకలేకపోయిన ఇంట్లో పిల్లలు వేసే ప్రశ్నలు ఏ స్లైడూ రప్పించలేదు.

దీనికీ వాతావరణానికీ సంబంధమేమిటని అడుగుతారు. అదే అసలు పాఠం, లెక్క కట్టి చెప్పండి. వానలు తప్పితే బోరు లోతుకు పోతుంది. లోతు నీళ్లు గ్రానైటు జాతి రాళ్లను ఎక్కువకాలం తాకి ఉంటాయి. వాటిలో కాల్షియం తక్కువై సోడియం బైకార్బొనేటు ఎక్కువైన చోట ఫ్లోరైడు సులువుగా కరిగి నిలుస్తుంది. ఇక ఎండ. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీళ్లు చలికాలంలో రోజుకు 2 లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు. మే నెలలో పొలంలో 5 లీటర్లు తాగితే 15. రోజుకు 6 దాటితే ఎముకలకు ముప్పు మొదలయ్యే సూచనలున్నాయని, 14 దగ్గర హాని స్పష్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల అంచనా. అదే బోరు, అదే మనిషి, మారింది ఎండ ఒక్కటే. క్యాన్ నీళ్లు తాగుతున్నాం కదా అనే ఇంట్లో అన్నం, పప్పు దేంతో వండుతున్నారో అడగమనండి. మరిగించి తాగుతున్నాం అంటే, మరిగితే ఫ్లోరైడు పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుందని చెప్పడం నేర్పండి.

ఒక్క జాగ్రత్త. అంకె చెప్పి బస్సెక్కి వచ్చేయకండి. ప్రమాణం దాటిన ఇంటికి రెండో వారంలోగా రాతపూర్వకంగా ఫలితం అందాలి. దగ్గర్లో తక్కువ ఫ్లోరైడు నీళ్లు ఎక్కడున్నాయో, తాగడానికి, వంటకు వాటినే ఎలా వాడుకోవాలో చెప్పాలి. పంచాయతీ కార్యదర్శికి ఒక కాపీ ఇవ్వాలి. అలా చేయలేని పక్షంలో నమూనాలు తీయకపోవడమే మేలు. ఆ ఇంటివాళ్లను భయపెట్టి వదిలేసినట్టవుతుంది.

ఎండ సంగతి. 2003లో, మళ్లీ 2015 మే నెలలో తెలుగు నేల మీద వడగాలులు ఎంతమందిని తీసుకుపోయాయో పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయన్న మాట అందరికీ తెలుసు. క్యాజువాలిటీలో జరిగే తప్పు మాత్రం తెలియదు. మీరు ఇవ్వాల్సిన కేసు ఇలా ఉండాలి: 55 ఏళ్ల కూలీ, బీపీకి నీళ్లమాత్ర వాడుతున్నాడు, మధ్యాహ్నం పొంతన లేని మాటలు, చంకలో థర్మామీటరు 101 చూపిస్తోంది. హౌస్ సర్జను "జ్వరం, మెదడువాపు అనుమానం" అని రాసి, పారాసిటమాల్ ఇచ్చి, స్కానింగుకు పంపాడు. మలద్వారంలో పెట్టి చూస్తే 106 ఫారన్‌హీట్, అంటే 41 సెల్సియస్ పైన. పంపడానికి పోయిన గంటలో మెదడు, కాలేయం, కిడ్నీలు ఉడికాయి.

ఫిజియాలజీ వాళ్ల గంటలో మీకు పది నిమిషాలు చాలు: జ్వరంలో మెదడులోని సెట్ పాయింటు, అంటే ఒంటి వేడి ఎంత ఉండాలో మెదడు పెట్టుకున్న గుర్తు, పైకి జరుగుతుంది కాబట్టి పారాసిటమాల్ పనిచేస్తుంది, వడదెబ్బలో సెట్ పాయింటు కదలదు, వేడి బయటికి పోలేక పేరుకుంటుంది, అందుకే ఆ మందు దండగ. ఫార్మకాలజీలో ఇంకో పది: డైయూరెటిక్స్ (నీళ్లమాత్రలు), చెమటను తగ్గించే యాంటీకొలినెర్జిక్స్, మానసిక జబ్బులకిచ్చే యాంటీసైకోటిక్స్, లిథియం వాడేవాళ్లకు ఎండాకాలం ముందు మందుల చీటీ ఒకసారి తిరగేయాలని. మెడిసిన్ పోస్టింగులో పని చేసి చూపించండి. టార్పాలిన్ పట్ట మీద బొమ్మను పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకెత్తి, నీళ్లు, దంచిన ఐసు పోసి కలియబెట్టాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. అరగంటలోగా 39 సెల్సియస్‌కు దిగాలి, దిగగానే ఆపాలి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడుతుంది. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. నెల్లూరులో ఐసుకు కరువు లేదు, చేపల మార్కెట్ ఉంది. తడిపి ఫ్యాను పెట్టే పద్ధతి పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. మన కోస్తా ఉక్కలో చెమటే ఆరదు, అందుకే ఐసు. మీ క్యాజువాలిటీలో మలద్వారపు థర్మామీటరు ఉందో లేదో ముందు చూడండి. చాలాచోట్ల ఉండదు, ఈ పాఠం పుణ్యమా అని అదైనా వస్తుంది.

ప్రకాశం వైపు నుంచి వచ్చే పిల్లలకు ఇంకో తేడా కూడా చెప్పాలి. పొద్దున్నే మంచుకు తడిసిన పొగాకు కోసినవాళ్లకు చర్మం గుండా నికోటిన్ ఎక్కి వాంతులు, కళ్లు తిరగడం, చెమటలు వస్తాయి. ఒళ్లు కాలదు. దాన్ని వడదెబ్బ అనీ పురుగుమందు అనీ పొరబడుతుంటారు. "ఏం పని చేస్తావు, ఇవాళ పొద్దున ఏం చేశావు" అని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఈ పిల్లల్లో కొందరు రేపు పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్లవుతారు. వడదెబ్బ మరణమా కాదా అని తేల్చే మండల కమిటీలో తహసీల్దారు, ఎస్‌ఐ పక్కన వాళ్లూ కూర్చుంటారు. మరణ కారణంలో "గుండె ఆగిపోవడం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఆ కుటుంబానికి పరిహారం పోతుంది, జిల్లా లెక్కలో ఒక చావు మాయమవుతుంది. సర్టిఫికెట్ నింపడం కూడా నేర్పండి.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్న, పరీక్షలో వస్తుందా. యూనివర్సిటీ పేపరు మీ చేతిలో లేదు. ఇంటర్నల్స్, లాగ్‌బుక్, ప్రాక్టికల్ స్టేషన్లు (పరీక్షలో ఒక్కో ప్రశ్నకు పెట్టే బల్లలు) మీ విభాగం చేతిలో ఉన్నాయి. ఒక స్టేషన్‌లో ఫ్లోరైడు 2.8 అని ఉన్న ల్యాబు రిపోర్టు, పళ్ల ఫొటో పెట్టి "ఈ ఇంటికి ఏం చెబుతావు" అని అడగండి. ఇంకోదాంట్లో ఆ 101 చంక కేసు. అయిదేసి మార్కులు. హెచ్‌ఓడీ గారిని మీరు అడగాల్సింది ఈ రెండు స్టేషన్లే. గంటలు అడగనివారికి ఎవరూ అడ్డం చెప్పరు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్లకు విభాగాల మధ్య సమన్వయం జరిగిందనడానికి సాక్ష్యంగా కూడా పనికొస్తాయని ఆయనకు గుర్తుచేయండి.

తెలియదన్న బెంగకు పెద్ద మందు అక్కర్లేదు. వాతావరణ మార్పు, మానవ ఆరోగ్యంపై జాతీయ కార్యక్రమం 2019 నుంచి నడుస్తోంది. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం మెడికల్ ఆఫీసర్ల కోసం తయారుచేసిన శిక్షణ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసులో దీనికి నోడల్ అధికారి ఉంటారు, మార్చి నుంచి జూలై వరకు వడదెబ్బ కేసుల రిపోర్టింగ్ అక్కడి నుంచే సాగుతుంది. ఒకసారి వెళ్లి కలవండి. చురుకైన విద్యార్థులుంటే ప్లానెటరీ హెల్త్ రిపోర్ట్ కార్డు అని ఒకటుంది. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మెడికల్ విద్యార్థులే మొదలుపెట్టారు. పాఠాల నుంచి ఆసుపత్రి ప్రాంగణం దాకా తమ కాలేజీకి తామే గ్రేడు వేసుకుంటారు. అయితే గ్రేడు నేరుగా బయటపెడితే యాజమాన్యం మొహం మాడుతుంది. మొదటి ఏడాది లోపలే ఉంచండి.

క్వారీల విషయంలో మీ భయం ఉత్తిది అనను. కాని పాఠం వేరు, ఆరోపణ వేరు. దుమ్ము ఎంత సన్నగా ఉంటే ఊపిరితిత్తుల లోపలికి ఎంత దూరం పోతుంది, రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ ఎక్స్‌రే ఎలా ఉంటుంది, అది కార్మిక చట్టం కింద వైద్యుడు రిపోర్టు చేయాల్సిన జబ్బు, ఇవన్నీ 11వ అంశం. ఎవరి క్వారీ అన్నది చెప్పనవసరం లేదు, వృత్తి చరిత్ర అడగడం నేర్చుకున్న పిల్లలు రోగి నోటినుంచే వింటారు. రేపు మీరు గణాంకాలు సేకరించి ప్రచురించాలనుకుంటే సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. పాఠం కోసం సేకరించిన లెక్కల్ని తర్వాత పేపరు చేస్తామంటే కుదరదు. ఒంటరిగా వార్తాపత్రికలకెక్కితే ఉద్యోగం మీది పోతుంది, దుమ్ము అక్కడే ఉంటుంది. ఎక్కాల్సిన రోజు రావొచ్చు. వస్తే చేతిలో కొలతలు, పక్కన ఇద్దరు సహరచయితలు ఉండేలా చూసుకోండి.

ఉద్యోగం మానేయడమా? స్వచ్ఛంద సంస్థలో మీకు స్వేచ్ఛ దొరుకుతుంది, జీతం తగ్గుతుంది, ఏటా 150 మంది కాబోయే డాక్టర్లు మాత్రం దొరకరు. ఆ రెండు స్టేషన్లు, ఒక పల్లె రోజు ఒక్క బ్యాచ్‌తో నడిపి చూసి అప్పుడు ఆలోచించండి. ఒక్క క్లాసు బాధలో తీసుకోవాల్సిన నిర్ణయం కాదది.

చివరగా నాన్నగారి ఎక్స్‌రే. చూపించొచ్చు, ఆయన్ని అడిగాక. మీరు కూతురు కాబట్టి అడక్కుండానే ఒప్పుకుంటారు, అందుకే కూర్చోబెట్టి అడగండి: ఎవరు చూస్తారో, పేరు ఉండదని, వద్దంటే మీరేమీ అనుకోరని. ఫిల్ము మీద పేరు, నంబరు, ఆసుపత్రి ముద్ర తీసేయండి. క్లాసులో మొదటే పెట్టకండి. పిల్లలు పల్లెకు వెళ్లొచ్చి, ఆ వంగలేని నడుముల్ని చూసొచ్చాక, ముంజేతిలోని రేడియస్, అల్నా ఎముకల మధ్య పొర సున్నంలా గట్టిపడి ముళ్లు తేలిన ఆ ఫొటో తెర మీద వేసి, ఏం కనిపిస్తోందో వాళ్లనే చెప్పమనండి. మీ నాన్నగారని చెప్పాలా వద్దా అన్నది ఆ రోజు మీ మనసుకు వదిలేస్తున్నాను.

ఇంకొకటి, డాక్టరుకు చెబుతున్నానని కాదు, కూతురికి చెబుతున్నాను. ఆయన కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, నడకలో తూలుతున్నారా, మూత్రం ఆపుకోవడం కష్టమవుతోందా, ఈసారి ఊరెళ్లినప్పుడు అడగండి. వీటిలో ఏది ఉన్నా నడుం నొప్పి కింద వదిలేయకండి. వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండొచ్చు. ఎమ్మారై తీయించి న్యూరోసర్జనుకు చూపించడం ఆ వారంలోనే జరగాలి.